దేవుడు మీకేమవుతాడు?

మార్చి 29, 2025, శనివారం: కడప, పెద్ద దర్గా

ఆఫీసులో నా పక్క సీటు ఆవిడది కడప. "ఈసారి ఉగాది ఆదివారం, ఆ వెంటనే రంజాన్. రెండూ చూద్దువుగాని రా" అని వెంటబెట్టుకెళ్లింది. నేను గుంటూరు వైపు మనిషిని. మా ఇంట్లో పూజలకు లోటు లేదు, నాకే వాటిలో మనసు నిలవదు. దేవుడున్నాడా లేడా అన్న వాదం మీద ఆసక్తి ఎప్పుడో పోయింది. ఉన్నాడనేవాళ్లకి ఆయన ఏమవుతాడన్నదే ఈమధ్య బుర్ర తొలుస్తోంది. కొత్త మనిషి కనబడితే మనం ముందు ఊరు అడుగుతాం, ఆపైన ఫలానావాళ్లు మీకేమవుతారని అడుగుతాం. ఆ రెండో ప్రశ్న దేవుడి గురించి కూడా అడిగి చూద్దామనిపించింది.

ఆ రోజు కొత్త అమావాస్య. దుకాణాల ముందు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలు, వాటి మీద కుంకుమ. తప్పించుకుంటూ ఆటో పెద్ద దర్గాకి చేరేసరికి రాత్రి తరావీ నమాజు అయిపోయింది. బోర్డుల మీద అమీన్ పీర్ దర్గా అని ఉంటుంది గానీ ఊళ్లో అందరికీ అది పెద్ద దర్గానే. సూఫీ గురువుల సమాధులున్న చోటు. ఏ.ఆర్. రెహమాన్ తరచూ వస్తారు కాబట్టి బయటి ఊళ్లవాళ్లకి ఆ గుర్తు. 2024 నవంబరులో రామ్‌చరణ్ వచ్చిన రోజు ఈ వీధుల్లో జనం ఎట్లా కిక్కిరిశారో ఆటో అబ్బాయి దారి పొడుగునా చెప్పాడు.

పూలు, అగరుబత్తీలు, చక్కెర పొట్లం కలిపి ఎనభై రూపాయలు. అరవైకి అడిగితే పూలాయన తలెత్తకుండా "ఇది బేరమాడే సరుకు కాదమ్మా" అన్నాడు. తల మీద కొంగు కప్పుకుని లోపలికి పోయాం. ఒకాయన నెమలీకల కట్టతో వరసగా తలల మీద తడుతున్నాడు. మా ముందు రాజంపేట నుంచి వచ్చిన ఒకామె, నుదుట పెద్ద బొట్టు, చంకలో పిల్లాడు. నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తున్నాడట. ఈకలు తగలగానే వాడు కిలకిలా నవ్వాడు. భయం పోయిందో, చక్కిలిగింత పుట్టిందో గానీ వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ పూలాయన్నే అడిగాను, లోపలున్నాయన మీకు దేవుడేనా అని. ఆయనకి కోపమొచ్చింది. "దేవుడు కాదు. దేవునికి కావాల్సినోడు. కలెక్టరాఫీసులో పనిబడితే నువ్వు నేరుగా పోతావా, తెలిసినోళ్లని పట్టుకుని పోతావా?" అన్నాడు. నేను నేరుగానే పోతానని చెబితే నమ్మలేదు. "అందుకే నీ పనులు కావు" అన్నాడు.

మార్చి 30, ఆదివారం, ఉగాది: దేవుని కడప, మరియాపురం

నన్ను వెంటబెట్టుకొచ్చిన స్నేహితురాలి నాయనమ్మని ఇంట్లో అందరూ దాదీ అంటారు, నేనూ అట్లాగే పిలిచాను. తెల్లవారుజామున సహరీ తిని, నమాజు చేసుకుని, ఆరు గంటలకి తయారై కూర్చుంది. చేతిలో రాత్రే సర్దిపెట్టుకున్న సంచి. విప్పి చూపించింది: బియ్యం, కందిబేడలు, బెల్లం, చింతపండు, ఉప్పు, ఎండుమిరపకాయలు, ఒక టెంకాయ. దీన్ని భత్యం అంటారు. వేంకటేశ్వరస్వామికి.

కడపలో ఉగాది పొద్దున దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్లడం ఏళ్లుగా ఉన్న ఆనవాయితీ. బీబీ నాంచారి తమ ఆడపడుచు, ఆమెను చేసుకున్న స్వామి తమ ఇంటి అల్లుడు. నాంచారి కథ ఒక్క కడపది కాదు. శ్రీరంగంలో, మేలుకోటలో కూడా సుల్తాను కూతురు విగ్రహాన్ని వలచి వెంట వచ్చిన కథ చెబుతారు, వివరాలు ఒక్కోచోట ఒక్కోలా. కానీ కథ వినడం వేరు, ఎనభై దగ్గరపడిన మనిషి ఉపవాసంతో, మోకాళ్ల నొప్పులతో అల్లుడింటికి బియ్యం మోసుకుపోతుంటే పక్కన నడవడం వేరు. సంచి నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. "పుట్టింటోళ్లు మోయాల" అంది.

క్యూలో పట్టుచీరలు, బురఖాలు కలిసే ఉన్నాయి. ఎవరూ ఎవరినీ వింతగా చూడ్డం లేదు, ఫోన్లు పట్టుకుని తిరుగుతున్న విలేఖరులు తప్ప. ఒకతను దాదీ ముందుకొచ్చి "మత సామరస్యం గురించి రెండు మాటలు చెప్పవ్వా" అన్నాడు. ఆమె "ఎండెక్కుతాంది, పక్కకి జరుగు నాయనా" అంది. అవి నాలుగు మాటలయ్యాయి.

గర్భగుడి ముందు జరిగింది మాత్రం ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. అర్చకుడు శఠారి పెట్టాడు, దాదీ తల వంచింది. తీర్థం పోయడానికి ఉద్ధరిణి ఎత్తాడు. ఆమె కుడి అరచెయ్యి గుంటగా చేసి పట్టింది. మామూలుగా పట్టినంతే, ఏ తడబాటూ లేదు. రోజాలో ఉంది, గొంతులోకి చుక్క పోకూడదు. ఆ నీళ్లని కళ్లకి అద్దుకుంది. మిగిలింది కింద పడకుండా వేళ్లు దగ్గరికి మూసి, కొంగు పట్టుకుని నిలబడ్డ నాలుగేళ్ల మునిమనవరాలి నోట్లోకి వంచింది. ఆ పిల్ల తులసి ఆకు నమిలి మొహం వికారంగా పెట్టింది. అర్చకుడు ఇదంతా చూస్తూ ఆగాడు, పిల్ల మింగాక ప్రసాదం ఆకుదొన్నెలో పెట్టి, ఇంకో దొన్నె పైన బోర్లించి ఇచ్చాడు. "సాయంత్రానికి చెడిపోదులేమ్మా" అన్నాడు. ఉపవాసం సంగతి ఎవరూ చెప్పలేదు.

గుడి బయట బండి దగ్గర కారం దోశ నలభై రూపాయలు. ఎర్రకారం రుద్ది పైన పప్పులపొడి చల్లి ఇచ్చాడు, తింటే కళ్లల్లో నీళ్లు. ఉపవాసమున్న మనిషి ముందు తినడానికి మొహమాటపడుతుంటే దాదీ నా చెయ్యి నొక్కి, "తిను అమ్మీ, నువ్వు తింటే నా రోజా చెడదు" అంది.

ఆదివారం కదా, చర్చి కూడా చూడాలని నా ఆశ. ఆటో అన్న నన్ను తీసుకెళ్లి ఒక ప్రొటెస్టంట్ల సీఎస్సై చర్చి ముందు దింపాడు. నేననుకున్నది క్యాథలిక్కుల మరియాపురం కథీడ్రల్. "చర్చి అంటే కడపలో ఒకటేనా అక్కా, పేరు చెప్పాల" అని ఇంకో ముప్పై తీసుకుని అక్కడికి తిప్పాడు. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను. అక్కడా తల మీద కొంగే. రాత్రి నుంచి నా కొంగుకి తీరిక లేదు.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలంలో నాలుగో ఆదివారం. ఆ రోజు చదివే సువార్త తప్పిపోయిన కుమారుడి కథ. తండ్రి బతికుండగానే ఆస్తి పంచుకుపోయి, తగలేసి, పందులు మేపుకుని, ఆకలికి తాళలేక తిరిగొచ్చిన కొడుకు. ఫాదర్‌గారు ప్రసంగంలో పట్టుకున్నది ఒక్క సంగతి: తండ్రి వాడిని దూరం నుంచే చూశాడు, చూసి పరిగెత్తాడు. "ఆస్తి ఉన్న పెద్దమనిషి వీధిలో పరిగెత్తుతాడా? మన ఊళ్లల్లో పరిగెత్తుతారా? పరువు పోదా?" అని అడిగాడు. చాపల మీద ఆడవాళ్లు తలలాడించారు. అక్కడ దేవుడు తండ్రి, అదీ పరువు వదులుకున్న తండ్రి. పొద్దున చూసిన అల్లుడు కదలడు, మర్యాదలు ఆయన దగ్గరికే నడిచొస్తాయి. ఈయన తనే ఎదురొస్తాడు.

బయటికొచ్చాక పక్కన కూర్చున్నామెకి నా సంచిలో ఉన్న పులిహోర పెట్టబోయాను, దేవుని కడప ప్రసాదమని కూడా చెప్పాను. "వద్దు తల్లీ, మేం తినం, ఏమనుకోబాక" అంది. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి లేఖలో ఇదే సంగతి ఉంది. వడ్డించింది ఎక్కడిదని ఆరా తీయకుండా తినండి, ఇది విగ్రహాలకి అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దు, చెప్పినవాడి మనస్సాక్షి కోసం, అని. నేను నోరు మూసుకుని ఉంటే ఆమె తినేదేమో. అయితే వద్దన్న ఆ నోటితోనే మధ్యాహ్నం అన్నానికి పిలిచింది. "ఈ నలభై రోజులు మాంసం కూర వండం. పప్పు, చారు, వడియాలే" అంది. వెళ్లాను. చెనిక్కాయల పచ్చడి కూడా వేసింది. నా దేవుడి అన్నం ఆమె ముట్టలేదు, ఆమె దేవుడికి స్తోత్రం చెప్పి వడ్డించిన అన్నం నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. ఎవరి పద్ధతి గొప్పదని నన్నడిగితే, తనకి సరిపడనిది మొహమాటం లేకుండా వద్దనగలగడం కూడా ఒక గౌరవమే అంటాను.

సాయంత్రం మిద్దె మీద అందరూ పడమటి దిక్కున నెలవంక కోసం. కొత్త అమావాస్య మర్నాడు పాడ్యమి మనకి ఉగాది, ఆ అమావాస్య తర్వాత కంటికి కనబడిన నెలవంకతో వాళ్లకి పండుగ. మనం రెండు మూడేళ్లకోసారి అధికమాసం కలిపి సూర్యుడితో లెక్క సరిచేస్తాం, వాళ్లు కలపరు. అందుకే రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకి జరుగుతూ ముప్పై రెండు, ముప్పై మూడేళ్లకి మళ్లీ ఉగాది పక్కకి వస్తుంది. సన్నటి గీత కనబడగానే కింద వీధిలో టపాకాయలు. దాదీ అంతకుముందే ఖర్జూరంతో ఉపవాసం విడిచి, నీళ్లు తాగి, దొన్నె విప్పి పులిహోర రెండు ముద్దలు తింది.

మార్చి 31, సోమవారం, రంజాన్: కడప

మగవాళ్లు ఈద్గాకి వెళ్లారు. వెళ్లేముందే ఫిత్రా లెక్క చూసుకుని ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చారు. ఇంట్లో మనిషికి ఇంత చొప్పున, చంటిబిడ్డ తరఫున కూడా. బీదవాళ్లు పండుగ పూట చెయ్యి చాచకూడదని నమాజుకు ముందే ఇస్తారు. ఆడవాళ్లం షీర్ ఖుర్మా పనిలో పడ్డాం. సన్న సేమియా నేతిలో వేయించడం నాకిచ్చారు. ఖర్జూరాలు రాత్రంతా పాలల్లో నాని ఉబ్బాయి. ఎదురింటి రెడ్డిగారింటి నుంచి ముందురోజు వచ్చిన ఓళిగల స్టీలు డబ్బా కడిగి ఆరబెట్టి ఉంది. అది షీర్ ఖుర్మాతో తిరిగిపోయింది. ఉత్త డబ్బా పంపరు.

భోజనాల దగ్గర అసలు రగడ మొదలైంది. మా స్నేహితురాలి తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. బాగా చదువుకున్నాడు, ఖురాన్ అర్థంతో సహా చదివాడు. "అక్కా, మీరు మంచిగా రాస్తారని తెలుసు, కానీ ఇది కూడా రాయండి" అని మొదలుపెట్టాడు. అల్లాకి సాటి లేరు. ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు. అల్లాకి తొంభై తొమ్మిది పేర్లు చెబుతారు, అందులో దయామయుడు ఉన్నాడు, క్షమించేవాడు ఉన్నాడు, తండ్రి లేడు. ఈసా, అంటే ఏసు, మాకు గొప్ప ప్రవక్త, మరియం పేరుతో ఖురాన్‌లో ఒక సూరానే, అంటే అధ్యాయమే ఉంది, కానీ ఆయన దేవుడి కొడుకు కాడు. "తండ్రి అనే మాటే ఒప్పుకోనోళ్లం, అల్లుడంటే ఎట్లా?" దర్గాకి కూడా పోనన్నాడు, మధ్యలో మనిషి ఎందుకని. అల్లా మన మెడనరం కంటే దగ్గరున్నాడని ఖురానే చెబుతోంది కదా అన్నాడు.

వరసలన్నీ తుడిచేసి, ఆపైన మెడనరం కంటే దగ్గర. ఈ మాట నాలో చాలాసేపు తిరిగింది. చుట్టరికం ఉన్నచోట దగ్గర ఎంతో దూరమూ అంతే: అలకలు, లెక్కలు, పెట్టుపోతలు. ఏమీ కానివాడు అంత దగ్గరగా ఉంటే అలగడానికి చోటుండదు.

దాదీ ఎముక చీకుతూ అంతా విన్నది. "అల్లా అల్లుడని నేనెప్పుడన్నారా?" అంది. "అల్లా అల్లానే. ఐదు పూట్లా ఆయన ముందే వంగుతాండా. ఈయన అల్లుడు. ఆడపిల్లని ఇచ్చినోళ్లు పండగకి పెట్టాల. అది మర్యాద. నమాజు యాడ, మర్యాద యాడ?"

తమ్ముడు నోరు తెరిచి మూశాడు. కాసేపయ్యాక నాతో మెల్లగా, "పోవద్దని చెప్పేదీ నేనే, టెంకాయ కొనిచ్చేదీ నేనే" అన్నాడు.

రోడ్డు మీద పండుగ శుభాకాంక్షల ఫ్లెక్సీలో మూడు మతాల గుర్తులు వేసి, అన్ని మతాలూ ఒక్కటే అని రాశారు. ఈ మాటనేవాళ్లు ఒక్క మతాన్నయినా దగ్గర్నుంచి చూశారా అని నా అనుమానం. దాదీకి తేడా తెలుసు, ఆమె మనవడికి తెలుసు, పులిహోర వద్దన్న మరియాపురం ఆమెకి తెలుసు. తెలిసే గిన్నెలు మార్చుకుంటున్నారు.

ఏప్రిల్ 1, మంగళవారం: పుష్పగిరి

కడప నుంచి రానూపోనూ ఆటో ఆరు వందలు, ఎండకి ఇంకో వంద కలపమన్నాడు. పెన్న ఒడ్డున శివుడూ కేశవుడూ ఇద్దరూ ఉన్న క్షేత్రం, శంకరాచార్య సంప్రదాయంలో నడిచే అద్వైత మఠం ఉన్న ఊరు. చెన్నకేశవుడి గుడి గోడల మీద శిల్పాలు చూస్తూ పోతే పూట సరిపోదు. ఏనుగుల వరస దగ్గరే నాకు అరగంట పట్టింది.

నీడన కూర్చున్న ఒక పెద్దాయన పరిచయమయ్యారు, రిటైరైన మాస్టారు. నా ప్రశ్న ఆయన్నీ అడిగాను. "ఏమవడానికైనా ఇద్దరుండాలి కదమ్మా. ఉన్నదే ఒకటైతే ఎవరికి ఎవరు ఏమవుతారు?" అన్నారు. గీత తొమ్మిదో అధ్యాయంలో ఈ జగత్తుకి తండ్రిని, తల్లిని, తాతని అన్నీ నేనేనని కృష్ణుడు చెప్పాడు కదా అంటే, అన్ని వరసలూ ఒక్కడివే అయ్యాయంటే వరసలు లేనట్టేనని కొట్టిపారేశారు. నాకు నిన్నటి మెడనరం మాట గుర్తొచ్చింది. రెండూ ఒకటి కావు. అక్కడ దేవుడు ఎంత దగ్గరైనా దేవుడే, దాసుడు దాసుడే. ఇక్కడ ఆ గీతే చెరిపేస్తారు.

తర్వాత వైద్యనాథుడి గుడిలో ఆ మాస్టారే మళ్లీ కనబడ్డారు. కళ్లు మూసుకుని, పైకే వినబడేట్టు, "స్వామీ, ఈ వైశాఖంలోనన్నా అమ్మాయికి సంబంధం కుదుర్చు తండ్రీ" అంటున్నారు. నేను స్తంభం చాటుకి తప్పుకున్నాను.

ఏప్రిల్ 2, బుధవారం: బ్రహ్మంగారి మఠం

మైదుకూరులో బస్సు మారాలి. అక్కడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ముప్పై ఐదు రూపాయలు. బొరుగులు సరిగ్గా నానాయి, నిమ్మకాయ పిండటంలో పిసినారితనం లేదు.

పోతులూరి వీరబ్రహ్మంగారు 1693లో ఇక్కడే జీవసమాధి అయ్యారని చెబుతారు. నన్ను పట్టుకున్నది ఆయన శిష్యుడు సిద్దయ్య. దూదేకుల ఇంటి పిల్లాడు, కులమూ మతమూ కాదని వచ్చి గురువు దగ్గర ఉండిపోయాడు. కడప నవాబు పిలిపించి నిలదీస్తే, సిద్దయ్య చేసిన సలాముకి బండరాయి పగిలిందని కథ. సమాధిలోకి వెళ్లినాక గురువు దండం, పాదుకలు, ముద్రిక చేరింది కన్నకొడుకులకి కాదు, ఇతనికి. ముడుమాలలో సిద్దయ్య మఠం ఇప్పటికీ ఉంది. అన్నదానంలో పక్కన కూర్చున్న రైతు దంపతుల్ని బ్రహ్మంగారు మీకేమవుతారని అడిగితే ఆమె ఠక్కున "గురువు" అంది, ఆయన "తాత" అన్నాడు. పప్పు చల్లారిపోయేదాకా ఇద్దరూ దాని మీదే కీచులాడుకున్నారు.

ఏప్రిల్ 3, గురువారం: ఒంటిమిట్ట

ఆరో తారీఖు శ్రీరామనవమి. కోదండరాముడి బ్రహ్మోత్సవాలకి పందిళ్లు వేస్తున్నారు, ఎటు చూసినా కర్రలు, రేకులు, తాళ్లు. గర్భగుడిలో ఒకే రాతిలో రాముడు, సీత, లక్ష్మణుడు. హనుమంతుడు లేడు. ఆయన రాముణ్ని కలవకముందు నాటి గుడి అని అంటారు.

ఇక్కడ ఇమాంబేగ్ బావి ఉంది. కడప నవాబు ప్రతినిధి ఇమాంబేగ్ ఈ గుడికొచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడట. నిజంగా పిలిస్తే పలుకుతాడన్నారు. ఆయన మూడుసార్లు పిలిస్తే లోపల్నుంచి "ఓ" అని వినబడిందట. ఆయన తవ్వించిన బావి ఇది. కథలో నాకు నచ్చింది "ఓ" అన్న ఆ పలుకే. మన ఊళ్లల్లో వాకిట్లో నుంచి పిలిస్తే పెరట్లో నుంచి అట్లాగే పలుకుతారు. నేను మాత్రం పిలవలేదు. ఏమని పిలవాలో ముందు తేలాలి కదా. తండ్రీ అని పిలవడానికి నాకు ఆ పరిగెత్తే తండ్రి మీద నమ్మకం చాలలేదు, అల్లుడా అనడానికి నేనేం పెట్టలేదు. ఏ వరసా లేకుండా దగ్గరున్నాడనుకుంటేనే కాస్త ఊపిరాడింది. అయితే ఆ దగ్గరకి ఐదు పూటల క్రమశిక్షణ కావాలని కూడా ఆ ఇంట్లో చూశాను.

బావి పక్కన పందిరి కర్ర పాతుతున్న కుర్రాడు నన్ను చాలాసేపట్నుంచి గమనిస్తున్నాడు. "యా ఊరక్కా మీది?" అన్నాడు. చెప్పాను. "రాములోరు మీకు ఇంటిదేవుడా?"

"కాదు, మాకు నరసింహస్వామి."

"అయితే మనోళ్లే" అని, "ఆ తాడు కొస కాస్త పట్టుకో అక్కా, ముడెయ్యాల" అన్నాడు.